అరవయ్యవ మెట్టు

పనితనం పుట్టుకతో వస్తుందా, సాధనతో వస్తుందా అన్న ప్రశ్న ప్రాచీనమైనది. సాధన మహిమను గురించి వేమన చెప్పిన పద్యం మన బాలబాలికలకు కంఠస్థమే. ఉర్దూ అక్షరాలు దిద్దించే ఉస్తాదులు ఆ సాధననే ‘మష్క్’ అంటారు. తెలుగు అధ్యాపకుడుగా ఈ రెండు మాటలనూ నేను ఏటేటా తరగతిలో వల్లిస్తూనే ఉన్నాను. అయినప్పటికీ సాధన అనేది మనిషికి ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వలేదో నాకు తెలియజెప్పినది ఏ గ్రంథమూ కాదు. నా తరగతిలో చివరి బెంచీ మీద కూర్చునే ఒక విద్యార్థి, అతని సెల్‌ఫోనులోని ఒక ఆట. ఆ కథను మన వార్షిక సంచికలో ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలని ఈ వ్యాసానికి పూనుకున్నాను. ఇందులో తప్పు విద్యార్థిదేనని మొదట అనిపించవచ్చు. చివరిదాకా చదివినవారికి అది ఎవరిదో తెలుస్తుంది.

గత సంవత్సరం ఫిబ్రవరి మాసం. ఆర్మూరు ప్రాంతంలో ఆ నెలల సంగతి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పొలాల్లో తవ్విన పసుపును కళ్లాలలో ఉడకబెడతారు. ఆ ఘాటైన వాసన గాలిలో కలిసి తరగతి గది కిటికీల దాకా వస్తుంది. ఆ రోజు నేను ఛందస్సు చెబుతున్నాను. నల్లబల్ల మీద ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ అని వ్రాసి, యతి పదవ అక్షరమని చెప్పి వెనుకకు తిరిగేసరికి చివరి బెంచీలో ఒక తల వంగి కనిపించింది. దగ్గరకు వెళ్లి చూస్తే బెంచీ కింద సెల్‌ఫోను. దాని తెరపై ఒక చిన్న బొమ్మ మనిషి కూర్చుని ఎర్రని రాళ్లను ఒకదాని వెంట ఒకటి చెక్కుతున్నాడు.

ఆ విద్యార్థి పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవాడు. తెలుగు మాట్లాడగలడు గాని వ్రాతలో ఒత్తులు తప్పుతాయి; ‘ల’కు ‘ళ’, ‘న’కు ‘ణ’ దొర్లుతుంటాయి. అంతకు ముందు వారమే అతని పరీక్ష పత్రం దిద్ది, మొదటి పుట పైభాగాన ఎర్ర సిరాతో ‘తప్పులు 42’ అని వ్రాసి ఇచ్చి ఉన్నాను. ఫోను చేతిలోకి తీసుకుని నేను అందరికీ వినబడేటట్లు ఇలా అన్నాను: “తెలుగులో నాలుగు ముక్కలు తప్పు లేకుండా వ్రాయడం రాదు గాని, బొమ్మలకు నగలు చేయడం మాత్రం బాగా నేర్చుకున్నావే!” తరగతి అంతా గొల్లున నవ్వింది. అతడు తల ఎత్తలేదు. నేను ఫోనును స్టాఫ్ రూము బీరువాలో పెట్టి తాళం వేశాను.

మరునాటి నుంచి అతడు కళాశాలకు రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదవ రోజున బీరువా తెరిచినప్పుడు ఆ ఫోను కనబడి మనస్సు చివుక్కుమన్నది. పేద ఇంటివారికి ఫోను కొనడం ఎంత కష్టమో ఎరిగినవాణ్ణి. తిరిగి ఇచ్చివేద్దామని అతని చిరునామా కనుక్కొని సాయంత్రం బయలుదేరాను. ఇంట్లో తల్లి ఒక్కతే ఉన్నది. తండ్రీ కొడుకులిద్దరూ ఊరి వెలుపల పసుపు కళ్లం దగ్గర ఉన్నారని చెప్పింది.

కళ్లంలో కనుచూపు మేర ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. కాడి ఒకవైపు, గోళ మరొకవైపు కుప్పలు పోసి ఉన్నాయి. ఉడకబెట్టే పనిలో ఆ తండ్రి పాతికేళ్ల అనుభవం గలవాడు. నన్ను చూసి సలాము చేసి, మంచం వాల్చి, “పిల్లోడు ఇగ చదువు వద్దంటుండు సార్. నాతో పనికే వస్తానంటుండు” అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అదే నాకు మరింత బరువైంది.

అతని కొడుకు ఆరబోసిన పసుపు మధ్య తిరుగుతూ అక్కడక్కడ ఒక కొమ్మును తీసి విరుస్తున్నాడు. విరిచి, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడా అన్నట్లు తల వంచి వింటున్నాడు. ఏమిటని అడిగాను.

“ఎండిందా లేదా చూస్తున్న సర్. మంచిగ ఎండితే విరిచినప్పుడు టంగుమంటది, ఇనుము లెక్క. లోపల తడి ఉంటే మెత్తగ వంగుతది, సప్పుడు రాదు.”

“ఇది ఎవరు నేర్పారు?”

“ఎవ్వరు నేర్పలేదు సర్. అబ్బా చేస్తుంటే విన్న.”

నేను అతని ఫోను అతనికి ఇచ్చాను. క్షమించమని అడగాలని వెళ్లినవాణ్ణి కాదు. అయినా కొంతసేపటికి ఆ మాట నా నోట వచ్చింది. అతడు కంగారుపడి లేచి నిలబడ్డాడు. ఇద్దరి మధ్య సంభాషణ ఎట్లా మొదలు పెట్టాలో తెలియక, “ఆ రోజు రాళ్లు చెక్కుతున్న ఆట ఏమిటి?” అని అడిగాను. ఆ ప్రశ్నతో అతని ముఖం వెలిగింది. నా తరగతిలో రెండేళ్లుగా ఎన్నడూ చూడని వెలుగు అది.

ఆ ఆట పేరు రూన్‌స్కేప్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న జాగెక్స్ అనే సంస్థ దీనిని నడుపుతున్నది. 2001 జనవరిలో ఆండ్రూ గోవర్, ఆయన సోదరులు దీనిని ప్రారంభించారు. పాత రూపంలోనే ఆడుకోవాలనేవారి కోసం 2013లో ‘ఓల్డ్ స్కూల్’ పేరుతో దానిని మరల తెరిచారు. 2018 అక్టోబరు నుంచి అది సెల్‌ఫోనులలోకి కూడా వచ్చింది. గీలినార్ అనే ఒక కల్పిత లోకం; అందులో దేశదేశాల ఆటగాళ్లు ఇంటర్నెట్ ద్వారా ఒకే కాలంలో తిరుగుతూ ఉంటారు. మన బాలలు చదివిన మాయల మరాఠీ కథలలో వలె అక్కడ మాంత్రికులు, రాక్షసులు, కోటలు ఉన్నాయి. అయితే నన్ను ఆశ్చర్యపరచినది యుద్ధాలు కాదు. ఆ లోకంలో చేతిపనులు కూడా ఒక విద్యగా ఉన్నాయి. దానిని ‘క్రాఫ్టింగ్’ అంటారు.

అతడు చెప్పిన క్రమాన్ని నేను ఇక్కడ సంగ్రహంగా వ్రాస్తాను. కొత్తగా చేరినవాడు మొదటి మెట్టు మీద ఉంటాడు. ఆవు చర్మాన్ని తెచ్చి, డబ్బు చెల్లించి ఊనించి, సూది దారంతో తోలు చేతి తొడుగులు కుట్టడం అతనికి దక్కే తొలి పనులలో ఒకటి. గొర్రె ఉన్ని కత్తిరించి రాట్నం మీద వడకవచ్చు. బంకమట్టిని నీటితో తడిపి మెత్తన చేసి, సారె మీద పెట్టి కుండ చేసి, తరువాత ఆవంలో కాల్చవలె. కాల్చని కుండ పనికిరాదు. అయిదవ మెట్టున బంగారు ఉంగరం, 20వ మెట్టున నీలం రాయి, 27న పచ్చ, 34న కెంపు, 43న వజ్రం చెక్కే అర్హత వస్తుంది. 40వ మెట్టు దాటినవాడు గోధుమరంగు ఆప్రన్ కట్టుకుని వస్తేనే అక్కడి పనివారి సంఘం తలుపు తెరుచుకుంటుంది. పైమెట్టు 99. ఆ విద్యార్థి అప్పటికి 60వ మెట్టుపై ఉన్నాడు.

“అరవై అంటే సగం దాటావన్నమాట” అన్నాను.

అతడు నవ్వాడు. “లేదు సర్. అసలు సగం తొంబై రెండు కాడ ఉంటది.”

నాకు అర్థం కాలేదు. అప్పుడతడు కళ్లం మట్టిలో పుల్లతో అంకెలు వ్రాసి చూపించాడు. ప్రతి పనికి కొన్ని అనుభవ పాయింట్లు వస్తాయి. ఒక కెంపు చెక్కితే 85. రెండవ మెట్టు ఎక్కడానికి మొత్తం 83 పాయింట్లు చాలు. 60వ మెట్టుకు 2,73,742 కావాలి. 99వ మెట్టుకు 1,30,34,431. అందులో దాదాపు సగం, అంటే 65,17,253 పాయింట్లు, 92వ మెట్టున వస్తాయి. సుమారు ప్రతి ఏడు మెట్లకు శ్రమ రెట్టింపు అవుతుంది గనుక, చివరి ఏడు మెట్లు మొదటి 92 మెట్లతో సమానం. నేను మనస్సులో లెక్క వేసుకున్నాను. కెంపులతోనే 60వ మెట్టు ఎక్కాలంటే మూడు వేలకు పైగా రాళ్లు చెక్కవలసి ఉంటుంది. నా తరగతిలో మూడు నిమిషాలు నిలకడగా కూర్చోలేడని నేను తీర్పు చెప్పిన పిల్లవాడు చేసిన సాధన ఇది.

“అంత ఓపిక నీకు ఎక్కడిది బేటా? పుస్తకం ముందు ఎందుకు రాదు?” అని అడిగాను. నిందగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు. “అక్కడ కొన్ని రాళ్లు ఉంటయి సర్. ఓపల్, జేడ్, రెడ్ టోపాజ్. చెక్కుతుంటే ఒక్కోసారి నలిగిపోతయి. రాయి పోతది. కాని కొన్ని పాయింట్లు వస్తయి. తక్కువే వస్తయి, కాని వస్తయి. పని చెడిపోయినా ఎంతో కొంత నేర్చుకున్నట్టే లెక్క. మీ పేపర్ల నాకు వచ్చింది ఎంతనో ఎప్పుడు కనబడలేదు సర్. రానిదే కనబడ్డది.”

‘తప్పులు 42’ అన్న ఎర్ర అక్షరాలు నా కళ్ల ముందు నిలిచాయి. ఆ పత్రంలో అతడు వ్రాసిన మాటలు మూడు వందలకు తక్కువ ఉండవు. అంటే రెండు వందల యాభైకి పైగా మాటలు అతడు సరిగా వ్రాశాడు. వాటిని నేను లెక్కపెట్టనే లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఆ విద్యార్థి ఒక్కడే కాదు. మిత్రులు చాలామందికి తెలియని నా సొంత సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవలె. మా తండ్రిగారు కళాయి పనివారు. రాగి, ఇత్తడి పాత్రలకు లోపల తగరం పూత వేయడం ఆయన వృత్తి. పూత లేని రాగి పాత్రలో చింతపండు పులుసు వంటివి వండితే కిలుము పట్టి ఆహారం విషమవుతుంది. అందువల్ల ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ కళాయివాడు కావలసినవాడు. స్టీలు పాత్రలు వచ్చి ఇళ్లలో ఆ పని తగ్గిపోయినా, పెళ్లి దావతులకు బిర్యానీ వండే పెద్ద డేగులకు మాత్రం కళాయి తప్పనిసరిగా ఉండేది. నా బాల్యం ఆ డేగుల మధ్య, తిత్తి ఊదుతూ గడిచింది.

ఆ పనిలో ఉన్న సూక్ష్మం చూసినవారికి గాని తెలియదు. పాత్రను ఇసుకతో, బూడిదతో మెరిసేదాకా తోమి, నేలలో గుంట తవ్వి పెట్టిన నిప్పు మీద తిప్పుతూ వేడి చేయవలె. నవాసాగరం పొడి చల్లగానే తెల్లని పొగ లేస్తుంది. ఆ క్షణాన తగరపు కడ్డీని అంటించి, దూది పట్టుతో లోపల అంతటా ఒకే ఊపులో పులమవలె. వేడి తక్కువైతే తగరం పరుచుకోదు. ఎక్కువైతే మాడి నల్లబడుతుంది. సరియైన వేడి ఎంత అనే దానికి ఏ కొలమానమూ లేదు. లోహం రంగు చూసి తెలుసుకోవడమే. పన్నెండేళ్ల వయస్సులో ఒకనాడు నేను పట్టుబట్టి ఒక డేగుకు కళాయి వేశాను. మాటిమాటికీ తండ్రిగారి ముఖం వైపు చూస్తూ వేశాను. పూత మధ్యలో అరచేయంత నల్ల మచ్చ మిగిలింది. ఆయన కోపగించలేదు. మరల తోమమన్నారు. తోముతుండగా ఒకే మాట అన్నారు: “నన్ను కాదు బేటా, నిప్పును చూడు.”

రెండవసారి వేసిన పూత కూడా బాగా రాలేదు. కాని మచ్చ చిన్నదయింది. ఆయన దానిని వేలితో తాకి, “నిన్నటికంటే చిన్నది” అన్నారు. ఆ తరువాత చదువు పేరుతో నేను కొలిమికి దూరమయ్యాను. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో తండ్రిగారి వృత్తి ఏమిటని తోటివారు అడిగితే ‘వ్యాపారం’ అని చెప్పాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ తిత్తి మా ఇంటి అటక మీద ఉంది. దానిని ఊదగలవారు మా ఇంట ఎవరూ లేరు. బొమ్మలకు నగలు చేస్తున్నావని ఒక విద్యార్థిని ఎగతాళి చేసిన నేను నిజమైన చేతిపని ఒకటి చేతికి అంది కూడా వదులుకున్నవాణ్ణి. పైగా ‘నిన్నటికంటే చిన్నది’ అని నల్లమచ్చలో కూడా ప్రగతిని చూపించిన ఉస్తాదుకు కొడుకునై, ఎర్ర సిరాతో తప్పులు మాత్రమే లెక్కించే అధ్యాపకుణ్ణి అయ్యాను.

అయితే ఆటలోని నేర్పు, కొలిమిలోని నేర్పు ఒకటేనా? ఈ ప్రశ్నను నేను దాటవేయదలచలేదు. విద్యార్థి మళ్లీ తరగతికి వచ్చిన తరువాత, ఒక రెండవ శనివారం నాడు అతనితో పాటు మరి పదిమందిని వెంటబెట్టుకుని ఆర్‌టీసీ బస్సులో నిర్మల్ వెళ్లాను. సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ ఎంతో దూరం లేదు. ఆ పట్టణపు కొయ్యబొమ్మల పేరు దేశమంతా తెలిసినదే. వాటిని చేసే కుటుంబాలవారిని నకాషీలంటారు. ఇంత దగ్గర ఉండి కూడా మా విద్యార్థులలో ఒక్కడూ ఆ పని జరిగే చోటు చూడలేదు. నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు.

నిర్మల్ బొమ్మలు పొణికి కర్రతో చేస్తారు. అది తేలికైన, మెత్తని కర్ర. బొమ్మ అంతా ఒకే ముక్కలో చెక్కరు. కాళ్లు, చేతులు, తల వేరువేరుగా చెక్కి అతికిస్తారు. అతికించడానికి వాడేది ఏమిటో తెలిసి మా పిల్లలు ఆశ్చర్యపోయారు. చింతగింజలను నానబెట్టి నూరిన బంకలో, చెక్కినప్పుడు రాలిన రంపపు పొట్టునే కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దతోనే అతుకులు పూడుస్తారు, గుంతలు సరిచేస్తారు. ఆరిన తరువాత నునుపు చేసి, తెల్లని పూత వేసి, ఆపై రంగులు దిద్దుతారు.

అక్కడి పెద్ద కళాకారుడొకరు మా విద్యార్థి చేతికి ఒక ముక్క, ఒక ఉలి ఇచ్చి చిలుక ముక్కు చెక్కమన్నారు. అతడు ఆటలో అలవాటైన ధీమాతో మొదలుపెట్టాడు. నాలుగవ దెబ్బకు ముక్కు ఊడి కింద పడింది. రెండవ ముక్క ఇచ్చారు. అది నిలువునా చీలింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. తోటివారు నవ్వబోయి నా వైపు చూసి ఆగిపోయారు.

ఆ పెద్దాయన నవ్వలేదు. “మొదటిది గట్టిగ కొట్టినవ్. రెండోదానికి కర్ర పొర ఎటుందో చూడలేదు. ప్రతి ముక్కకు పొర వేరే ఉంటది బాబూ. చేతితోని అడగాలె, అది చెప్తది” అన్నారు. విరిగిన ముక్కును తీసి, చింతగింజల ముద్దతో అతికించి, పక్కన ఆరబెట్టి, “అతికేసుడు కూడా పనే. ఇది రానోనికి చెక్కుడు రాదు” అన్నారు.

“ఎన్ని బొమ్మలు చేస్తే ఉస్తాద్ అయితరు?” అని మా విద్యార్థి అడిగాడు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఆయన కొంచెం ఆలోచించారు. “లెక్క పెట్టలేదు. నలభై ఏండ్ల సంది చేస్తున్న. ఇంకా కండ్లు దిద్దేటప్పుడు ఊపిరి బిగపడతనే ఉన్న.”

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఆ విద్యార్థి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. గోదావరి దాటిన తరువాత తనంతట తానే అన్నాడు. “ఆటల కెంపులన్నీ ఒక్కటే తీరుగ ఉంటయి సర్. మూడు వేలు చెక్కిన. ఒక్కదాని పొర కూడా నేను చూడలేదు.”

నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ ఒక్క మాటలోనే ఉందని నా అభిప్రాయం. ఆట మనకు చూపేది రెండింటిలో ఒకటి మాత్రమే. ప్రతి చిన్న ప్రయత్నానికి లెక్క ఉంటుందని, చెడిన పనిలో కూడా కొంత సంపాదన ఉంటుందని, రేపటి మెట్టు ఎంత దూరంలో ఉందో తెలిస్తే మనిషి అలసిపోడని అది చూపిస్తుంది. మన తరగతి గదులు ఈ పాఠం నేర్చుకోవలసి ఉంది. కాని వస్తువు స్వభావాన్ని ఆట చూపలేదు. అక్కడ వేలు మెదిపితే బొమ్మ చెక్కుతుంది. చెక్కినది మన చెయ్యి కాదు. కర్ర పొర, లోహం రంగు, పసుపు కొమ్ము చేసే చప్పుడు మనిషికి ఎదురు చెబుతాయి. ఆ ఎదురు మాట విని తన చేతిని మార్చుకున్నవాడే పనివాడవుతాడు. అంకె పెరగడం వేరు, చెయ్యి మారడం వేరు. మొదటిది రెండవదానికి తోడుగా ఉండవచ్చు. దాని స్థానంలో నిలువలేదు.

ఇక నా పని మిగిలింది. ఛందస్సును నేను పది మెట్లుగా విభజించాను. మొదటి మెట్టున గురులఘువులు. రెండవ మెట్టున సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు కావడం. మూడవ మెట్టున మూడక్షరాల గణాలు ఎనిమిది. నాలుగున సూర్య గణాలు, అయిదున ఇంద్ర గణాలు. ఆరవ మెట్టు ద్విపద: పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. ఏడు, ఎనిమిది మెట్లు ఆటవెలది, తేటగీతులు. తొమ్మిది యతిప్రాసలు. పదవ మెట్టున వృత్తాలు. అంతకుముందు నేను ఏకంగా పదవ మెట్టు మీద నిలబడి కిందివారిని కేకలు వేస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు ప్రతి విద్యార్థికి ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. ఎవరు ఏ మెట్టున ఉన్నారో అందులో ఉంటుంది. అది ఇతరులకు చూపేది కాదు, మార్కులకు సంబంధించినది కాదు.

గురులఘువుల దగ్గర ఆ విద్యార్థి మొదట తడబడ్డాడు. కంటితో గుర్తుపట్టబోతే తప్పేది. ఒకరోజు నాకు కళ్లం గుర్తుకు వచ్చింది. “పుస్తకం మూసెయ్. కొమ్ము విరిచినట్లు మాటను పలికి విను. ఎక్కడ నాలుక నిలబడిందో అక్కడ గురువు. ఎక్కడ జారిపోయిందో అక్కడ లఘువు” అన్నాను. అతడు కళ్లు మూసుకుని ‘పసుపు’ అన్నాడు. మూడు లఘువులు, న గణం. ‘ఆర్మూరు’ అన్నాడు. గురువు, గురువు, లఘువు, త గణం. తరువాత తడుముకోలేదు. ఎవరూ నేర్పకుండా తండ్రి దగ్గర విని సంపాదించిన ఆ చెవి అతనికి ముందే ఉన్నది. దానికి ఛందస్సుతో సంబంధం ఉందని తెలియనివాణ్ణి నేనే.

పత్రాలు దిద్దే పద్ధతి కూడా మార్చుకున్నాను. తప్పులకు గీతలు పెడతాను, పెట్టక తప్పదు. నల్లమచ్చను మచ్చ కాదని మా తండ్రిగారు ఎన్నడూ అనలేదు. కాని పై పుటలో వ్రాసేది సరియైన మాటల సంఖ్య, దాని పక్కన కిందటిసారి సంఖ్య. అతని తప్పులు 42 నుంచి 31కి, తరువాత 19కి దిగాయి. ఒకసారి మరల 24కు పెరిగాయి. ఆ రోజు అతడు వచ్చి, “రాయి నలిగింది సర్” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇది అద్భుతాల కథ కాదు. అతడు తెలుగులో ప్రథమ శ్రేణి తెచ్చుకోలేదు, ఉత్తీర్ణుడయ్యాడు. ‘ళ’కారం ఇంకా అతణ్ణి మోసగిస్తూనే ఉంది. పసుపు పని రోజుల్లో సాయంత్రాలు కళ్లానికి వెళుతున్నాడు, పగలు తరగతికి వస్తున్నాడు. ఆటను పూర్తిగా మానలేదు, నేను మానమనలేదు. తరగతి గదిలోకి మాత్రం తేవడం లేదు. గత నెల ఒక ద్విపద వ్రాసి తెచ్చాడు, తన తండ్రి పసుపు ఉడకబెట్టడాన్ని గురించి. రెండు చోట్ల యతి తప్పింది. గణాలు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది ఫోనులలో ఇట్టి మెట్లు ఎక్కుతున్నవారే. మీకు ఓపిక లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉన్నదని మీరే నిరూపించుకున్నారు. ఆ ఓపికను మీకు ఎదురు చెప్పగల వస్తువు మీద కూడా పెట్టి చూడండి. అది పద్యం కావచ్చు, కర్ర కావచ్చు, మీ ఇంట్లో తండ్రి, తాత చేస్తూ ఉన్న పని కావచ్చు. ఆ పని పేరు చెప్పడానికి నేను సిగ్గుపడినట్లు మీరు సిగ్గుపడకండి. ఆలస్యమైతే అడగడానికి ఉస్తాదు మిగలడు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒకటే. సంవత్సరానికి ఒక్క రోజు ఈ ప్రాంతపు పనివారిని మన కళాశాలకు పిలిపించి, పిల్లల ముందు పని చేయించే ఏర్పాటు చేయండి. బొమ్మలు చెక్కేవారు, మగ్గం నేసేవారు, పసుపు ఉడికించేవారు, కళాయివారు ఇంకా మిగిలి ఉంటే వారు. వేదిక మీద సన్మానం అక్కరలేదు. పిల్లల చేతికి పనిముట్టు ఇచ్చి, చెడగొట్టనిచ్చి, మరల చేయించే సమయం ఇస్తే చాలు.

మొన్న తరగతి ముగిసిన తరువాత ఆ విద్యార్థి నోటు పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. “సర్, ఛందస్సుల నేను ఏడో మెట్టు మీద ఉన్న. ఇండ్ల కూడ తొంబై తొమ్మిది ఉంటదా?”

“ఉంటుంది బేటా.”

“మీరు అక్కడికి చేరుకున్నరా సర్?”

నేను వ్రాసి చించివేసిన పద్యాలు కొన్ని గుర్తుకు వచ్చాయి. “లేదు. సగం ఎక్కడుందో వెతుకుతున్నాను” అన్నాను.

అతడు నా నోటు పుస్తకం ఏదని అడిగాడు. ఆ సాయంత్రమే ఒకటి కొన్నాను.